పాత టీ ఆకు మూకుట్లో వేయిస్తే ఏమైంది: 5కి 3

గుంటూరు కొత్తపేటలో ఒక కొట్లో విడి టీ కొన్నాను, పేరు వద్దులెండి. పాల టీలోకి అరకిలో సీటీసీ పొడి (అదే, గింజల్లా ఉండే మామూలు టీ పొడి), ఉట్టి నీళ్లలోకి పావుకిలో గ్రీన్ టీ ఆకు. రెండు వారాల తర్వాత ఆకు డబ్బా మూత తీస్తే ఎండుగడ్డి వాసన, దాని వెనకే సన్నగా మిరపకారం! వేళ్లతో నలిపితే పుటుక్కున విరగాల్సిన ఆకు మెత్తగా వంగింది. తీసుకెళ్లి చూపిస్తే కొట్టాయన "మీరే సరిగ్గా పెట్టుకోలేదండీ" అన్నాడు. సగం నిజమే, మా ఇంట్లో ఏడాది కారం డబ్బా ఉన్న అల్మరాలోనే పెట్టాను, టీ ఆకు పక్కనున్న వాసనంతా లాగేసుకుంటుంది. మిగతా సగం ఆయనదే, మూతలేని డబ్బాలోంచి తోడి ఇచ్చాడు. ఫ్యాక్టరీలో ఆకుని తేమ మూడు శాతం దాకా తగ్గేలా ఆరబెడతారు, మన వానాకాలం గాలి తగిలితే ఆ ఆరబెట్టిందంతా వృథా.

అమ్మ "గులాబీ మొదట్లో పోసెయ్‌రా" అంది. నేను మాత్రం జపాన్ వాళ్ల హోజిచా గుర్తొచ్చి ఆగాను. 1920ల్లో క్యోటోలో మొదలైందట, ముదురాకు, కాడలు వేయించి చేసే టీ అది.

మొదటి వాయి మా ఇనప మూకుట్లో వేయించా. ఘోరం. ఇరవై ఏళ్ల తాలింపులు చూసిన మూకుడు కదా, టీలో ఇంగువ తేలింది, ఒక్క గుక్క తాగి సింకులో పోశా. రెండోసారి మందపాటి స్టీలు గిన్నె, నూనె తగలనిది. మూడు చెంచాల ఆకు, సన్న సెగ, చెక్క గరిటెతో రవ్వ వేయించినట్టు ఆపకుండా కలపడం. మొదటి నిమిషం తడి గడ్డి వాసన గుప్పుమంటుంది, భయపడొద్దు, నెమ్ము పోతోందన్నమాట. మూడో నిమిషానికి ఆకు గోధుమరంగుకి తిరిగి వేరుశెనక్కాయలు వేగుతున్న వాసన మొదలైంది, మా పక్కింటావిడ కిటికీలోంచి "ఏం చేస్తున్నారండీ, పల్లీ చట్నీయా" అని అడిగింది కూడా. పొగ కనపడగానే వెంటనే పళ్లెంలో పోసెయ్యాలి, స్టవ్ ఆపినా గిన్నె వేడికి వేగుతూనే ఉంటుంది. మూడో వాయిలో ఫోన్ వచ్చి అర నిమిషం మర్చిపోయాను, బొగ్గు.

ఆ రెండో వాయి ఆకుతో టీ పెడితే నీళ్లు పలచని తేనె రంగు, గ్రీన్ టీకి ఉండే ఆ నాలుక పట్టే వగరు దాదాపు లేదు, మరిగే నీళ్లు పోసినా చేదెక్కలేదు. కారం వాసన పోయింది. కానీ ఇది కొన్నప్పటి గ్రీన్ టీ కాదు, అది తిరిగి రాదు, వేయించడంతో ఇంకో టీ అయింది. తాజా గ్రీన్ టీ కావాలనుకునేవాళ్లకి ఈ పని దండగ.

సీటీసీ పొడి సంగతి చెప్పేదేం లేదు. రెండు నిమిషాలు వెచ్చబెడితే పొడిపొడిగా అయింది, డికాషన్ వాసన కాస్త లేచింది, ఎక్కువ వేయిస్తే మాత్రం చిక్కదనం పోయి పాలలో మాడిన రుచి. అల్లం దంచి వేసేవాళ్లకి ఆ తేడా తెలియను కూడా తెలియదు.

ఒక్క మాట, డబ్బాలో తెల్ల బూజో మట్టివాసనో ఉంటే మాత్రం వేయించొద్దు, బూజు విషం వేడికి పోదు, పారెయ్యడమే.

రేటింగ్: ఆకుకి నాలుగు, పొడికి రెండు, కొట్టుకి ఒకటి. ఇకమీదట వంద గ్రాముల సీల్ ప్యాకెట్లే, అవీ కారానికి దూరంగా బెడ్‌రూమ్ బీరువాలో. వేయించిన ఆకు నాలుగు రోజుల్లో అయిపోయింది, అమ్మే ఎక్కువ తాగింది, దానికి "పల్లీ టీ" అని పేరు కూడా పెట్టింది.