షెవెల్‌కి వెనక స్వే బార్: 7/8 అంగుళం చాలు

1964–72 నాటి అమెరికన్ కారు షెవర్లే షెవెల్‌కి దొరికే వెనక స్వే బార్లు (మలుపులో బాడీ ఒరగడాన్ని తగ్గించే కడ్డీలు) రెండు రకాలు. 1970 షెవెల్ ఎస్‌ఎస్ (సూపర్ స్పోర్ట్)లో ఎఫ్41 అనే గట్టి సస్పెన్షన్‌తో వచ్చిన పద్ధతిలో కడ్డీ కొసలు లోయర్ కంట్రోల్ ఆర్మ్‌లకే (యాక్సిల్‌ని చాసిస్‌కి కలిపే కింది చేతులకే) నాలుగు బోల్టులతో బిగుస్తాయి. బుష్‌లూ (కదిలే చోట పెట్టే రబ్బరు తొడుగులు) లింకులూ ఉండవు కాబట్టి అరిగేదేమీ లేదు. రెండో రకాన్ని యాక్సిల్‌కి బుష్‌లతో పట్టించి, ఎండ్ లింకులతో చాసిస్‌కి కలపాలి. లింకు రంధ్రం మార్చి గట్టిదనం సర్దుకోవచ్చు, ట్రాక్ మీద అది పనికొస్తుంది. గ్రీజు ఆరితే మాత్రం కిర్రుమంటుంది. రోజూ రోడ్డు మీద తిరిగే బండికి మా ఓటు మొదటిదానికే, అదీ 7/8 అంగుళం కడ్డీకే.

1 అంగుళం కడ్డీ చూడ్డానికి 3 మి.మీ. మాత్రమే లావు. కానీ గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే దాదాపు 1.7 రెట్లు. వెనక అంత బిగిస్తే మలుపులో లోపలి చక్రం తేలికైపోతుంది. మామూలు డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకూ శక్తి పంచే గేర్ల పెట్టె) ఉంటే ఆ చక్రం ఊరికే తిరుగుతుంది, తడి రోడ్డు మీద తోక జారుతుంది. ముందు చక్రాల దగ్గర ఇంకా పాత సన్న కడ్డీయే ఉంటే వెనక జోలికి పోవద్దు. అక్కడ 1⅛ అంగుళం కడ్డీ వేశాకే ఇది. బోలు కడ్డీ కొనేవాళ్లు గోడ మందం అడగండి: 1/8 అంగుళం గోడ ఉన్న 1 అంగుళం గొట్టం, 7/8 అంగుళం నిండు కడ్డీ కన్నా ఆరో వంతు మాత్రమే ఎక్కువ గట్టిది, బరువు దానిలో సగం కన్నా కాస్త ఎక్కువ.

చాలామంది తప్పు చేసేది ఆర్మ్‌ల దగ్గర. మామూలు షెవెల్ ఆర్మ్‌లు ఒకవైపు తెరిచిన రేకు. కడ్డీ కన్నా ముందు అవే మెలిపడతాయి. తెరిచిన వైపు ప్లేటు వెల్డ్ చేయించాలి, లేదా మూసిన ఆర్మ్‌లు కొనాలి. లోపల బోల్టు చుట్టూ స్లీవ్ గొట్టం తప్పనిసరి. అది లేకుండా బిగిస్తే ఆర్మ్ గోడలు నొక్కుకుపోతాయి, కొన్నాళ్లకు బోల్టు వదులవుతుంది.

బిగించేటప్పుడు బండి బరువు చక్రాల మీదే ఉండాలి, యాక్సిల్ వేలాడకూడదు. కడ్డీ చేత్తో తోస్తే ఆర్మ్‌ల మధ్య కూర్చోవాలి. మిగిలిన సందును రెండు వైపులా సమానంగా షిమ్‌లతో (పల్చటి లోహపు రేకులతో) నింపాలి. సందును బోల్టుతో లాగి మూస్తే ఆర్మ్‌లు పక్కకు ఒత్తిడిలో ఉండిపోయి బుష్‌లు త్వరగా పోతాయి. గ్రేడ్ 8 బోల్టులు, లాక్ నట్లు వాడి, 150 కి.మీ. తిరిగాక మళ్లీ బిగింపు చూడాలి. మందమైన అల్యూమినియం డిఫరెన్షియల్ కవర్ ఉంటే కడ్డీకి తగులుతుందేమో కొనకముందే కొలవండి. ఎగ్జాస్ట్ గొట్టం కూడా అంతే.

ఇంకొకటి: ఈ బండిలో పై ఆర్మ్‌లు ఏటవాలుగా ఉంటాయి, బాడీ ఒరిగినప్పుడు బుష్‌లు మెలితిరగాల్సిందే. అన్నిచోట్లా గట్టి పాలీయురెథేన్ బుష్‌లు వేస్తే సస్పెన్షన్ పట్టేసి, కనిపించని ఇంకో స్వే బార్‌లా పనిచేస్తుంది. పై ఆర్మ్‌లకు రబ్బరే ఉంచండి.

కిట్ పెట్టెలో కడ్డీ, నాలుగు బోల్టులు, షిమ్‌లు, స్లీవ్‌లు ఉండాలి. స్లీవ్‌లు లేని కిట్ చౌకగా కనిపిస్తే, వాటి ధర కలిపాకే పోల్చండి.