పావు మైలు పందెంలో 1968 ప్లిమత్ రోడ్ రన్నర్: ఏళ్ల తరబడి నడిపిన మీదట

ఒహాయోలోని నార్వాక్ డ్రాగ్ ట్రాక్‌పై (నిటారు దారిలో కార్లు పందెం పడే చోటు), వేసవి వారాంతాల్లో జరిగే ఔత్సాహికుల పందేలలో నేను ఏళ్ల తరబడి నడుపుతున్న కారు 1968 నాటి ప్లిమత్ రోడ్ రన్నర్. అందులో ఉన్నది పేరుమోసిన 426 క్యూబిక్ అంగుళాల హెమీ ఇంజన్ కాదు, ఆ మోడల్‌కు మామూలుగా అమర్చిన 383 క్యూబిక్ అంగుళాల వీ8. దానికి జతగా మూడు గేర్ల టార్క్‌ఫ్లైట్ ఆటోమేటిక్ ఉంది. సొంత డబ్బుతో సరదాకు పందెం కట్టేవారికి ఇంతకంటే నమ్మదగిన జోడీ లేదని నా గట్టి అభిప్రాయం.

అందుకు కారణం పందెం పద్ధతిలోనే ఉంది. బ్రాకెట్ రేసింగ్ అనే ఈ పద్ధతిలో ప్రతి డ్రైవరూ తన కారు పావు మైలును, అంటే సుమారు 402 మీటర్లను, ఎన్ని సెకన్లలో దాటుతుందో ముందే అంచనా కట్టి అద్దం మీద రాయాలి. పోటీపడే రెండు కార్ల అంచనాల మధ్య తేడా మేరకు నెమ్మది కారుకు పచ్చదీపం ముందుగా వెలుగుతుంది. రాసిన సమయంకంటే త్వరగా గీత దాటితే చాలావరకు ఓడినట్టే. కాబట్టి ప్రతిసారీ ఒకేలా పరుగెత్తే కారుకే ఇక్కడ విలువ. 383కు కంపెనీ ప్రకటించిన 335 హార్స్‌పవర్, విడి ఇంజన్‌ను బెంచి మీద కొలిచిన ఆనాటి గ్రాస్ లెక్క గనుక దాన్ని నేటి కార్ల అంకెలతో పోల్చకూడదు. అయితే 3,400 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గరే 425 పౌండ్-అడుగుల టార్క్, అంటే తిప్పే బలం, అందుతుంది కాబట్టి ఇంజన్‌ను విపరీతంగా తిప్పకుండానే కారు కదులుతుంది, గేర్లు కూడా ఎప్పుడూ ఒకేచోట మారతాయి. నా కారు పద్నాలుగు సెకన్ల పైచిలుకులో, పెద్దగా తేడాలు లేకుండా గీత దాటుతుంది.

దీనికి అసలు శత్రువు వేడి. పది శాతం ఇథనాల్ కలిసిన నేటి పెట్రోల్ వేడి కార్బ్యురేటర్‌లో తేలికగా ఆవిరి పట్టడం వల్ల, వెంటవెంటనే రౌండ్లు పడినప్పుడు ఇంజన్ మళ్లీ స్టార్ట్ కావడానికి మొరాయించేది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కిందుగా పొగ వెళ్లే దారిని మూసి, కార్బ్యురేటర్ కింద వేడి ఎక్కనివ్వని స్పేసర్ పెట్టించి, రౌండ్ల మధ్య బానెట్ తెరిచి ఉంచిన తరువాతే ఆ బాధ తగ్గింది. జూలై మధ్యాహ్నపు ఉక్కలో అంచనా కట్టిన సమయం, సాయంత్రం చల్లబడ్డాక పనికిరాదు. రాసే అంకెను గాలిని చూసి మార్చుకోవలసిందే. వాల్వ్ సీట్లను అరగకుండా కాపాడే సీసం కలిసిన పెట్రోల్ ఇప్పుడు లేదు గనుక, ఇంజన్ హెడ్లు విప్పినప్పుడే గట్టి ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు వేయించాను.

నా కారుకు వచ్చిన డ్రమ్ బ్రేకులు మాత్రం ఈ వేగానికి చాలవు. ముందు చక్రాలకు డిస్కులు వేయించడాన్ని ఎవరూ వాయిదా వేయకూడదు. లోపల సౌకర్యాలు అంతంతమాత్రమే: మూడు వేల డాలర్లలోపు ధరకు కుర్రకారు చేతికి అందాలని తయారుచేసిన కారు కాబట్టి, బెంచి సీటు, రబ్బరు మ్యాటు తప్ప పెద్దగా హంగులుండవు. ఆ నిరాడంబరతే నాకు ప్రాణం, రోడ్ రన్నర్ అనే కార్టూన్ పక్షిలా కూసే హారన్‌తో సహా.

కొనదలచినవారు పెయింటు మెరుపుకంటే ముందు టార్షన్ బార్లను (ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలను) పట్టి ఉంచే అడ్డదూలాన్ని, వెనుక లీఫ్ స్ప్రింగులు బిగించే చోట్లను తుప్పు కోసం పరీక్షించాలి. ఇంజన్, ఛాసిస్ నంబర్లు కలిసిన అసలైన కారు దొరికితే దాన్ని పందేలకు దింపకుండా, ఇంజన్ మార్చిన కారునే ఇందుకు వెతుక్కోవడం మేలు.