జాగ్రత్త: ఐదు వారాల ఆన్‌లైన్ కాలేజ్ ఆల్జీబ్రాకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

అమెరికాలో ఉంటూ ఆగిపోయిన డిగ్రీ పూర్తి చేద్దామనో, అకౌంటింగ్ ప్రోగ్రాంకి ఒక్క మ్యాథ్స్ ప్రీరిక్విజిట్ తక్కువైందనో, పిల్లలకి సమ్మర్లోనే ఒక క్రెడిట్ కోర్సు అయిపోతే బాగుంటుందనో ఆలోచిస్తూ "యాక్సిలరేటెడ్ కాలేజ్ ఆల్జీబ్రా, పూర్తిగా ఆన్‌లైన్, 5 వారాలు" అనే ప్రకటన దగ్గర ఆగినవాళ్ల కోసం రాస్తున్నాను. పోయిన సమ్మర్లో నేను తీసుకున్నాను. కాలేజీ పేరు రాయను, ఎందుకంటే ఇందులో సగం కష్టాలు ఆ ఒక్క కాలేజీవి కావు, ఇలాంటి కోర్సులు అమ్మే పద్ధతిలోనే ఉన్నాయి.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, కోర్సు అసలు ఎలా ఉంటుందో మీకు అర్థమయ్యేసరికి డబ్బు వెనక్కి తీసుకునే గడువు దాటిపోతుంది.

ముందు లెక్క చూడండి. క్రెడిట్ అంటే ఎంత పని అనేదానికి ఇక్కడ ఫెడరల్ నిర్వచనం ఉంది. ఒక క్రెడిట్‌కి వారానికి ఒక గంట క్లాసు, బయట కనీసం రెండు గంటల చదువు, ఇలా సుమారు 15 వారాలు. కాలేజ్ ఆల్జీబ్రా మామూలుగా 3 క్రెడిట్లు కాబట్టి మొత్తం 135 గంటలు. దాన్ని 5 వారాల్లో కుదిస్తే వారానికి 27 గంటలు, 8 వారాలైతే దాదాపు 17. సిలబస్ ఏమీ తగ్గదు, చాప్టర్లు అవే, ఫైనల్ అదే. ప్రకటనలో మాత్రం "బిజీగా ఉండే ఉద్యోగుల కోసం" అని ఉంటుంది. ఉద్యోగం చేస్తూ, ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ వారానికి 27 గంటలు ఎక్కడినుంచి తేవాలో ఆ ప్రకటన రాసినవాళ్లే చెప్పాలి. నేను చేరేముందు అడ్వైజర్‌ని ఫోన్‌లో అడిగాను, వారానికి ఎన్ని గంటలు పడుతుందని. "ఎనిమిదో పదో, మీకు మ్యాథ్స్ వచ్చుగా" అన్నారు ఆవిడ.

రెండోది, ఆ "మీ వేగంతో మీరు" అనే మాట. వేగం మీది కాదండీ. లైవ్ క్లాసు లేకపోవడం ఒక్కటే మీ వీలు. మిగతా అంతా రోజువారీ గడువుల మీద నడుస్తుంది. హోమ్‌వర్క్‌లో 80 శాతం వస్తేనే క్విజ్ తెరుచుకుంటుంది, క్విజ్ అయితేనే తర్వాతి చాప్టర్ కనిపిస్తుంది, రాత్రి 11:59కి అన్నీ మూసుకుపోతాయి. ఆ 11:59 కూడా కాలేజీ ఉన్నచోటి టైమే. కాలేజీ తూర్పు తీరంలో ఉండి మీరు కాలిఫోర్నియాలో ఉంటే మీకు అది రాత్రి 8:59. పిల్లలకి అన్నం పెట్టి పడుకోబెట్టి కూర్చుందాం అనుకునే వేళకి ఆ రోజు సున్నా పడిపోయి ఉంటుంది. మామూలు సెమిస్టర్లో రెండు రోజులు జ్వరం వస్తే ఏదో సర్దుకోవచ్చు, ఇక్కడ రెండు రోజులు పోతే మామూలు లెక్కన ఒక వారం పోయినట్టే.

మనవాళ్లలో చాలామంది "ఇంటర్‌లో ఎంపీసీ చదివాం, ఇదెంత" అనుకుంటారు, అడ్వైజర్ కూడా ఆ ధైర్యమే ఇస్తారు. విషయం వరకు అది నిజమే, వర్గ సమీకరణాలు, లాగరిథమ్స్, మాత్రికలు మనకి కొత్త కాదు. కానీ ఇక్కడ పరీక్షించేది వేరు. ఒక ఫంక్షన్ గ్రాఫ్‌ని ఎడమకి జరిపి, తలకిందులు చేసి, సాగదీస్తే ఏమవుతుందో చూపించాలి. రేషనల్ ఫంక్షన్‌కి ఆసింప్టోట్లు ఎక్కడ వస్తాయో, గ్రాఫ్‌లో రంధ్రం ఎక్కడ ఉంటుందో చెప్పాలి. డొమైన్‌ని ఇంటర్వల్ రూపంలో రాయాలి, బ్రాకెట్ గుండ్రంగా పెట్టాలా చదరంగా పెట్టాలా అన్నదాని మీద మార్కు పోతుంది. పైగా దిద్దేది మనిషి కాదు, సాఫ్ట్‌వేర్. మీరు √12 అని రాస్తే అది 2√3 కావాలంటుంది. 1/√2 అని రాస్తే √2/2 కావాలంటుంది. విలువ ఒకటే, మార్కు మాత్రం సున్నా. ఏది ఎందుకు తప్పో చెప్పదు, "మళ్లీ ప్రయత్నించండి" అని కొత్త అంకెలతో ఇంకో లెక్క ఇస్తుంది. లెక్క వచ్చినవాళ్లు కూడా సగం టైమ్ దాని పద్ధతి నేర్చుకోవడానికే పెట్టాలి.

ఇంకో విషయం. ఈ సబ్జెక్టులో చాప్టర్లు ఒకదాని మీద ఒకటి నిలబడతాయి. ఫ్యాక్టరింగ్ చేతిలో ఉండాలి, లేకపోతే రేషనల్ ఫంక్షన్స్ దగ్గర ఇరుక్కుంటారు. ఘాతాంకాలు సరిగా రాకపోతే లాగరిథమ్స్ అర్థం కావు, ఇన్వర్స్ ఫంక్షన్ అంటే ఏమిటో తెలియకపోతే ఆ లాగరిథమ్ ఎందుకొచ్చిందో తెలియదు. 15 వారాల కోర్సులో ఒకటి వంటబట్టాక ఇంకోటి వస్తుంది. ఇక్కడ పాలినామియల్ డివిజన్, సింథటిక్ డివిజన్, రేషనల్ గ్రాఫ్‌లు అన్నీ ఒకే వారంలో వచ్చిపడ్డాయి. డౌట్ వస్తే ప్రొఫెసర్‌కి ఈమెయిల్ పెట్టాలి, జవాబు "48 గంటల్లోపు". ఆ 48 గంటల్లో మీరు రెండు గడువులు దాటి ఉంటారు. నా క్లాసులో ప్రొఫెసర్ సొంత వీడియో ఒక్కటీ లేదు, పాఠాలన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌తో వచ్చినవే. ట్యూషన్ ఫీజు మాత్రం క్యాంపస్ క్లాసుకి ఎంతో అంతే, దానిమీద "డిస్టెన్స్ లెర్నింగ్ ఫీజు" అదనం. మనిషి లేనందుకు అదనపు ఫీజు, ఆ తర్కం నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. ట్యూషన్ కాక ఆ హోమ్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌కి యాక్సెస్ కోడ్ వేరే కొనాలి, ఒకసారి వాడితే వెనక్కి తీసుకోరు. కొన్ని కాలేజీలు దాన్ని మీకు చెప్పకుండానే ట్యూషన్ బిల్లులో కలిపేస్తాయి, అలాంటప్పుడు వద్దని చెప్పుకునే గడువు ఒకటి ఉంటుంది, అది ఎక్కడో చిన్న అక్షరాల్లో దొరుకుతుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో మొదటి రెండు వారాలు డబ్బు కట్టకుండా తాత్కాలికంగా వాడుకునే వీలుంటుంది, ఆ బటన్ కింద మూలన ఉంటుంది కానీ ఉంటుంది. కోర్సులో ఉంటారో లేదో తేలేదాకా దాన్నే వాడండి.

ఇక రిఫండ్. మామూలు సెమిస్టర్లో క్లాసు మొదలయ్యాక కూడా వారం పది రోజులు చూసి మానేసే వీలు ఉండటం మనకి అలవాటు. చిన్న కోర్సులకి ఆ గడువు కూడా అదే నిష్పత్తిలో కుదించుకుపోతుంది. నా కోర్సులో సిలబస్ కనిపించింది క్లాసు మొదలైన రోజు, పూర్తి రిఫండ్ గడువు ముగిసింది ఆ మర్నాడు. అంటే ఫైనల్ ఎంత శాతమో, ఎలా రాయించుకుంటారో చదివి, ఆలోచించి, మానేయడానికి నాకిచ్చింది ఒక్క రోజు. మొదటి క్విజ్ మార్కులు కూడా ఆ గడువు దాటాకే వచ్చాయి. "ఈ కోర్సు మీకు కష్టమవుతున్నట్టుంది, మాట్లాడదామా" అని అడ్వైజింగ్ ఆఫీసు నుంచి ఈమెయిల్ ఇంకా ఆలస్యంగా వచ్చింది, దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు.

ఆ తర్వాత మానేస్తే ట్రాన్స్‌క్రిప్ట్ మీద "డబ్ల్యూ" (విత్‌డ్రా, అంటే మధ్యలో మానేశారని గుర్తు) పడుతుంది. జీపీఏకి దెబ్బ ఉండదు, నిజమే. కానీ గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉండి ఫెడరల్ ఎయిడ్ తీసుకునేవాళ్లకి ఆ డబ్ల్యూ "ప్రయత్నించి పూర్తిచేయని" క్రెడిట్ల కింద లెక్కకొస్తుంది. ఎయిడ్ కొనసాగాలంటే చాలా కాలేజీలు ప్రయత్నించిన క్రెడిట్లలో 67 శాతం పూర్తి చేసి ఉండాలని, 2.0 జీపీఏ ఉండాలని అడుగుతాయి. హైస్కూల్ పిల్లల్ని సమ్మర్లో ఇలాంటి కోర్సులో చేర్చే తల్లిదండ్రులకి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను, డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో (హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సు తీసుకోవడంలో) వచ్చిన గ్రేడ్ ఆ కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద శాశ్వతంగా ఉండిపోతుంది. తర్వాత ఏ యూనివర్సిటీకి అప్లై చేసినా ఆ ట్రాన్స్‌క్రిప్ట్ కూడా పంపమంటారు. పదిహేనేళ్ల పిల్లాడు సరదాగా చేరిన ఐదు వారాల కోర్సులో డి వస్తే అది వాడి వెంటే వస్తుంది.

పరీక్షల గురించి చెప్పకపోతే కథ సగమే. హోమ్‌వర్క్‌లో నాకు ఎప్పుడూ తొంభై పైనే ఉండేది, స్క్రీన్ మీద పచ్చరంగు, బాగానే ఉన్నానన్న భ్రమ. సిలబస్‌లో హోమ్‌వర్క్ వెయిటేజీ 15 శాతం. మిడ్‌టర్మ్, ఫైనల్ కలిపి 65, పైగా ఫైనల్లో 60 రాకపోతే మిగతా ఎంత బాగున్నా కోర్సు ఫెయిల్. ఆ రెండూ వెబ్‌క్యామ్ ప్రాక్టరింగ్‌లో, అంటే కెమెరాతో మనల్ని కనిపెట్టి ఉండే ప్రోగ్రాం కింద రాయాలి, ప్రతి పరీక్షకి ఫీజు వేరు. ఐడీ కార్డు చూపించి, గదంతా కెమెరా తిప్పి చూపించాలి. (గది స్కాన్ చేయించడం రాజ్యాంగ విరుద్ధమని 2022లో ఒహాయోలో ఒక ఫెడరల్ జడ్జి ప్రభుత్వ యూనివర్సిటీ కేసులో తీర్పిచ్చారు, అయినా నా కోర్సులో అడిగితే చూపించక తప్పలేదు.) అసలు చిరాకు ఇది కాదు. ఆల్జీబ్రా అంటే కాగితం మీద చేసుకోవాలి కదా, కాగితం చూడాలంటే తల వంచాలి కదా, తల వంచి ఎక్కువసేపు ఉంటే "అనుమానాస్పద కదలిక" అని ఆ ప్రోగ్రాం గుర్తు పెట్టుకుంటుంది. మిడ్‌టర్మ్ తర్వాత దానిమీద నాకు వివరణ అడుగుతూ ఈమెయిల్ వచ్చింది. తెల్ల కాగితం, పెన్సిల్ వాడొచ్చని వాళ్ల సిలబస్‌లోనే రాసి ఉంది, ఆ లైను కాపీ చేసి పంపాక వదిలేశారు, కానీ ఆ మధ్య రోజులు టెన్షన్‌తో చదువు సాగలేదు. క్యాలిక్యులేటర్ కూడా మన చేతిలోది పనికిరాదు, స్క్రీన్ మీద వాళ్లిచ్చిందే. గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ కొనుక్కోమని మొదట్లో చెప్పింది కూడా వాళ్లే.

చివరికి సి వచ్చింది, పాసయ్యాను. అక్కడితో అయిపోలేదు. నేను వెళ్లాలనుకున్న యూనివర్సిటీ బిజినెస్ ప్రోగ్రాం ఈ కోర్సుని ఎలెక్టివ్ కింద తీసుకుంది, వాళ్లకి కావలసిన మ్యాథ్స్ బిజినెస్ క్యాలిక్యులస్. "అన్నిచోట్లా ట్రాన్స్‌ఫర్ అవుతుంది" అని కోర్సు అమ్మినవాళ్లు చెప్పిన మాట సాంకేతికంగా అబద్ధం కాదు, క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ అయింది, అవసరం మాత్రం తీరలేదు. ఏ కోర్సుకి సమానంగా తీసుకుంటారో చెప్పాల్సింది మీరు వెళ్లబోయే యూనివర్సిటీ, ఈ కోర్సు అమ్మే కాలేజీ కాదు. కాలేజీ కాకుండా బయటి కంపెనీలు అమ్మే ఆల్జీబ్రా కోర్సులకి ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. "ఏస్ (అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్) సిఫార్సు చేసిన క్రెడిట్" అని ఉంటే అది సిఫార్సే, ఇవ్వాలా వద్దా అన్నది యూనివర్సిటీ ఇష్టం.

ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లకి ఇంకో మెలిక. ఫుల్‌టైమ్ లెక్కకి ఒక టర్మ్‌లో ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అంటే 3 క్రెడిట్లు మాత్రమే పనికొస్తాయి. మీ డీఎస్ఓని (కాలేజీలో వీసా విషయాలు చూసే అధికారిని) అడగకుండా చేరకండి.

మ్యాథ్స్ నిజంగా వచ్చి, క్రెడిట్ మాత్రమే కావలసినవాళ్లు కోర్సు తీసుకోకుండా పరీక్షతోనే క్రెడిట్ తెచ్చుకునే క్లెప్ పరీక్ష సంగతి ముందు చూడండి. కాలేజ్ బోర్డు నడిపే కాలేజ్ ఆల్జీబ్రా పరీక్ష 90 నిమిషాలు, సుమారు 60 ప్రశ్నలు, 80కి 50 వస్తే 3 క్రెడిట్లు ఇవ్వొచ్చని సిఫార్సు. ఖర్చు ఒక కోర్సు ట్యూషన్‌తో పోలిస్తే చాలా తక్కువ, ఫెయిలైనా ట్రాన్స్‌క్రిప్ట్ మీద మచ్చ పడదు, మూడు నెలల తర్వాత మళ్లీ రాయొచ్చు. కాకపోతే అన్ని కాలేజీలూ తీసుకోవు, మీ కాలేజీ క్లెప్ పేజీలో ఎంత స్కోరుకి ఏ కోర్సు ఇస్తారో చూసుకోవాలి. చదువుకోవడానికి రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్‌లో కాలేజ్ ఆల్జీబ్రా పుస్తకం మొత్తం ఉచితం, ఖాన్ అకాడమీ వీడియోలు ఉచితం. నేను డబ్బు కట్టిన కోర్సులో దొరకని వివరణలు నాకు అక్కడే దొరికాయి.

అయినా చేరాల్సిన అవసరం ఉంటే 8 వారాలది చూడండి, ఆ టర్మ్‌లో ఇంకే కోర్సూ పెట్టుకోకండి. డబ్బు కట్టేముందు డిపార్ట్‌మెంట్‌కే రాసి పోయిన టర్మ్ సిలబస్ అడగండి, చాలాచోట్ల ఇస్తారు. అందులో ఫైనల్ వెయిటేజీ, ఫైనల్లో కనీస మార్కు నియమం, ప్రాక్టరింగ్ ఫీజు, క్యాలిక్యులేటర్, పూర్తి రిఫండ్ ఏ తేదీ వరకు అన్నవి చూడండి. ఏదైనా లేకపోతే అడిగి ఈమెయిల్‌లోనే జవాబు తీసుకోండి. నేను ఫీజు గురించి ఫిర్యాదు పెట్టినప్పుడు ఆ "ఎనిమిదో పదో గంటలు" మాట ఫోన్‌లో చెప్పింది కాబట్టి తమ రికార్డులో లేదన్నారు, ఫిర్యాదు అక్కడితో మూసేశారు.