హైదరాబాద్ ఫైర్ సర్వీస్: బలమంతా స్టేషన్‌లోనే

హైదరాబాద్ నగరానికి తనదంటూ ఒక ఫైర్ డిపార్ట్‌మెంట్ లేదు. మొగల్‌పురా, గౌలిగూడ, ముషీరాబాద్, మలక్‌పేట, పంజాగుట్ట, సికింద్రాబాద్ స్టేషన్ల నుంచి గంట కొట్టుకుంటూ బయల్దేరే ఎర్రబండి నగరపాలక సంస్థది కాదు. అది రాష్ట్ర ప్రభుత్వ అగ్నిమాపక శాఖది. ఆ బండి మీద మేయర్‌కు గానీ మున్సిపల్ కమిషనర్‌కు గానీ అధికారం లేదు. ఈ సేవలో ఏది బాగుంది, ఏది ఎందుకు బాగాలేదు అన్నది సగం ఈ సంగతిలోనే ఉంది.

రాజ్యాంగం 12వ షెడ్యూల్ మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పనులను 18 అంశాలుగా రాసింది. అందులో 7వది అగ్నిమాపక సేవలు. ముంబైలో 1887 నుంచి ఫైర్ బ్రిగేడ్ కార్పొరేషన్ చేతిలోనే నడుస్తోంది. దానికి చీఫ్ ఫైర్ ఆఫీసర్ అని ఒక మనిషి ఉంటారు, ఆయన మంటల్లో పనిచేస్తూ మెట్టు మెట్టుగా పైకొచ్చినవారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో దారి వేరు. శాఖకు అధిపతి డైరెక్టర్ జనరల్ హోదాలో ఐపీఎస్ అధికారి. ఆయన కింద డైరెక్టర్, అడిషనల్ డైరెక్టర్, రీజినల్ ఫైర్ ఆఫీసర్, జిల్లా ఫైర్ ఆఫీసర్, అసిస్టెంట్ జిల్లా ఫైర్ ఆఫీసర్, స్టేషన్ ఫైర్ ఆఫీసర్ (ఎస్‌ఎఫ్‌ఓ), లీడింగ్ ఫైర్‌మన్, డ్రైవర్ ఆపరేటర్, ఫైర్‌మన్. ఎస్‌ఎఫ్‌ఓలు, ఫైర్‌మెన్ పోలీసు నియామక మండలి పరీక్షల ద్వారా వస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో డివిజనల్ ఫైర్ ఆఫీసర్ పోస్టు గ్రూప్-1 నోటిఫికేషన్‌లో కనిపిస్తుంది. అంటే నాయకత్వం మూడు వేర్వేరు తలుపుల్లోంచి లోపలికి వస్తుంది: కింది నుంచి ప్రమోషన్ మీద, మధ్యలో నేరుగా పరీక్ష రాసి, పైన పోలీసు సర్వీసు నుంచి బదిలీ మీద.

ఈ అంచెల్లో మార్కులు వేయాల్సి వస్తే ఎస్‌ఎఫ్‌ఓకే ఎక్కువ వేయాలి. పొగలో నిలబడి లెక్క వేసేది ఆయనే కాబట్టి.

ఆ లెక్క ఎంత బిగువైనదో బయటివాళ్లకు సాధారణంగా తెలియదు. మామూలు వాటర్ టెండర్‌లో, అంటే నీళ్ల ట్యాంకు ఉన్న ఫైర్ బండిలో, పట్టేది 4,500 లీటర్లు. రెండు హోస్ లైన్లు పరిచి, ఒక్కో బ్రాంచ్ (హోస్ చివరి నాజిల్) నిమిషానికి 400 లీటర్లు పోస్తే ట్యాంకు అయిదున్నర నిమిషాల్లో ఖాళీ. అందుకే మంచి ఎస్‌ఎఫ్‌ఓ మంటను చూశాక రెండో బండి అడగడు, దారిలో పొగ రంగు, ఎత్తు చూసి వాకీటాకీలోనే అడుగుతాడు. జలమండలి ట్యాంకర్లను కూడా అప్పుడే పిలిపించాలి, ఎందుకంటే మన వీధుల్లో బండికి నీళ్లందించే పబ్లిక్ హైడ్రెంట్ ఉందని నమ్మి దిగడానికి లేదు. పంప్ దగ్గర 7 కేజీల (చదరపు సెంటీమీటరుకు) ఒత్తిడి పెడితే ప్రతి 10 మీటర్ల ఎత్తుకు ఒక కేజీ పోతుంది, హోస్ లోపలి రాపిడికి మరికొంత. పదో అంతస్తుకు చేరేసరికి ఎత్తే మూడు కేజీలు తినేస్తుంది. భవనంలో పనిచేసే రైజర్ (పై అంతస్తులకు నీళ్లెక్కించే నిలువు పైపు) లేకపోతే అక్కడికి వెళ్లే నీళ్లు మంటను ఆర్పే నీళ్లు కావు.

గాలి లెక్క ఇంకా కఠినం. బీఏ సెట్ (పొగలో ఊపిరి పీల్చుకోవడానికి వీపున తగిలించుకునే పరికరం) సిలిండర్ 6 లీటర్లది, 300 బార్ వరకు నింపితే 1,800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్లు పీలిస్తే కాగితం మీద 45 నిమిషాలు. హోస్ మోస్తూ మెట్లెక్కే మనిషి అంతకంటే చాలా ఎక్కువ పీలుస్తాడు, అరగంట దొరికితే గొప్ప. 55 బార్ దగ్గర విజిల్ మోగుతుంది, ఆ మిగిలింది బయటికి రావడానికే. కాబట్టి అయిదో అంతస్తుకు ఎక్కి, గదులు వెతికి, తిరిగి దిగాలంటే నిజంగా వెతకడానికి దొరికేది పది పన్నెండు నిమిషాలు. ఎవరు ఏ టైముకు లోపలికి వెళ్లారు, ఎంత గాలితో వెళ్లారు అని తలుపు దగ్గర బోర్డు మీద రాసుకునే మనిషి తప్పనిసరి. సిబ్బంది తక్కువైతే మొదట కోత పడేది ఆ మనిషికే. ఒక బండికి సాధారణంగా ఒక లీడింగ్ ఫైర్‌మన్, ఒక డ్రైవర్ ఆపరేటర్, నలుగురు ఫైర్‌మెన్ ఉండాలి. నలుగురిలో ఇద్దరే డ్యూటీలో ఉంటే ఒకరు బ్రాంచ్ పట్టుకుంటారు, ఇంకొకరు హోస్ పరుస్తారు. లోపలికి జంటగా వెళ్లేవాళ్లు ఉండరు, బోర్డు దగ్గర నిలబడేవాళ్లూ ఉండరు. ఖాళీ పోస్టును నింపడం పాలనా వ్యవహారంలా కనిపిస్తుంది గానీ, నేరుగా ప్రాణం లెక్క అది.

టర్న్ అవుట్, అంటే కాల్ రాగానే బండి కదిలే వేగం విషయంలో ఈ సేవను మెచ్చుకోవాల్సిందే. 2025 మే 18న గుల్జార్‌హౌజ్ దగ్గర మంటలు లేచినప్పుడు ఉదయం 6:16కు కాల్ అందింది, మొగల్‌పురా బండి వెంటనే కదిలింది. ఆ తర్వాత పక్క స్టేషన్ల బండ్లు, ఫైర్ రోబో, బ్రాంటో స్కైలిఫ్ట్ (ఎత్తుకు లేచే నిచ్చెన బండి) అన్నీ వచ్చాయి. అయినా 17 మంది చనిపోయారు, వారిలో 8 మంది పిల్లలు. భవనం గ్రౌండ్ ప్లస్ రెండు అంతస్తులు. కింద దుకాణాలు, పైన కుటుంబాలు, పైకి కిందికి ఒక్కటే మెట్లదారి, దాని వెడల్పు మీటరు. పొగ ఆ మెట్లదారినే పొగగొట్టంగా చేసుకుంది. బండి ఎంత తొందరగా వచ్చినా పొగ అంతకంటే ముందే పైకి చేరుతుంది.

ఇదే తీరు అంతకుముందూ చూశాం. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో 8 మంది పోయారు: కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి, మధ్యలో మెట్లు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో అయిదో అంతస్తులో చిక్కుకున్న ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక పోయారు. మూడింట్లోనూ చంపింది పొగే. బయటికి రెండో దారి దొరకలేదు.

ఇక్కడే సంస్థ నిర్మాణం ప్రశ్నకు వస్తుంది. అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తప్పనిసరి అయ్యేది నివాస భవనం 18 మీటర్లు దాటితే, వాణిజ్య భవనం 15 మీటర్లు దాటితే, బడి, సినిమా హాలు, ఫంక్షన్ హాలు లాంటివి 500 చదరపు మీటర్ల స్థలం గానీ 6 మీటర్ల ఎత్తు గానీ దాటితే. గుల్జార్‌హౌజ్ ఇల్లు ఈ ఎత్తులకు ఎక్కడో కింద ఉంది. అలాంటి భవనానికి అనుమతి ఇచ్చేది నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్, కరెంటు లోడ్ చూసేది విద్యుత్ సంస్థ, ట్రేడ్ లైసెన్సు మళ్లీ నగరపాలక సంస్థ. 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక విపత్తు స్పందన దళం దాని కిందికి వెళ్లింది. అంటే అదే వీధిలో కూలిన గోడకు ఒక కమిషనర్, కాలుతున్న గోడకు ఒక డైరెక్టర్ జనరల్. ఎవరికి వారు పనిచేస్తూనే ఉంటారు. కానీ “ఈ వీధిలో ఒకే మెట్లదారి ఉన్న మిశ్రమ భవనాలు ఎన్ని, వాటిలో ఎన్నింటి సెల్లార్లలో సరుకు పేర్చారు” అని అడిగితే జవాబు చెప్పాల్సిన ఒకే కుర్చీ లేదు.

మహారాష్ట్ర 2006 చట్టంలో నచ్చే పని ఒకటుంది. భవన యజమాని ఏటా జనవరిలో, జులైలో లైసెన్సు ఉన్న ఏజెన్సీతో పరికరాలు తనిఖీ చేయించి ఫారం బి దాఖలు చేయాలి. అది అక్కడా కొన్నిసార్లు కాగితంగానే మిగలొచ్చు. కానీ బాధ్యత యజమాని మీద పడుతుంది, ఫైర్ ఆఫీసరు తిరిగి తిరిగి పట్టుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. మన దగ్గర తనిఖీ, అనుమతి, మంట, రెస్క్యూ, వీఐపీ బందోబస్తు, బాణసంచా దుకాణాల లైసెన్సుల సీజను, అన్నీ అదే కొద్దిమంది అధికారుల నెత్తిన. నివారణకు వేరే విభాగం, దానికి వేరే అధిపతి, వేరే సిబ్బంది ఉండి తీరాలి. పొద్దున ఫైళ్లు చూసి సాయంత్రం బీఏ సెట్ తగిలించుకునే మనిషి రెండిట్లో ఒకదానికి అన్యాయం చేయక తప్పదు, అది ఆ మనిషి తప్పు కాదు.

పెద్ద మంట దగ్గర కమాండ్ ఎవరిది అన్నది ఇంకో బలహీనత. పద్ధతి ప్రకారం మొదట చేరిన బండి లీడింగ్ ఫైర్‌మన్ ఇన్‌చార్జి. ఎస్‌ఎఫ్‌ఓ రాగానే అతనికి, తర్వాత అసిస్టెంట్ జిల్లా, జిల్లా, రీజినల్ ఫైర్ ఆఫీసర్లకు బాధ్యత మారుతుంది. మారిన ప్రతిసారీ నోటితో అప్పగింత జరగాలి: ఎంతమంది లోపల ఉన్నారు, ఏ వైపు నుంచి, నీళ్లు ఎక్కడి నుంచి, ఏది ఇంకా వెతకలేదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇచ్చిన ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ మార్గదర్శకాల ప్రకారం జిల్లా స్థాయిలో బాధ్యత కలెక్టర్‌ది. రాతలో బాగానే ఉంది. కానీ గంట దాటాక ఆ వీధిలో పోలీసు ఉన్నతాధికారులు, మంత్రులు, విద్యుత్ సిబ్బంది, విపత్తు దళం, కెమెరాలు అందరూ చేరతారు. అప్పుడు ఫైర్ ఆఫీసర్ సగం సమయం వివరణ ఇవ్వడానికే పోతుంది. దీనికి మందు ఖరీదైనది కాదు. ఒకే కమాండ్ పాయింట్, మీడియాతో మాట్లాడటానికి వేరే అధికారి, మంట దగ్గర ఇన్‌చార్జి ఎవరో దూరం నుంచే తెలిసేలా రంగు జాకెట్. ఒక మనిషి కింద నేరుగా అయిదుగురికి మించి రిపోర్టు చేయకూడదన్న నియమం కూడా పాటించాలి.

యంత్రాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 54 మీటర్ల బ్రాంటో మంచి బండి, ఎత్తైన టవర్లకు కావాల్సిందే. కానీ జాక్‌లు పరచడానికి చోటు, బరువు మోసే గట్టి నేల ఉంటేనే అది లేస్తుంది. పాతబస్తీ గల్లీలో, సెట్‌బ్యాక్‌లో (చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలంలో) జనరేటరూ షెడ్డూ కట్టిన కాంప్లెక్స్ పక్కన దాన్ని నిలబెట్టలేరు. ఎత్తు నిచ్చెన కొంటే వార్త అవుతుంది. రెండో మెట్లదారి కట్టిస్తే వార్త కాదు, కానీ పైన చెప్పినలాంటి ఘటనల్లో ప్రాణాలు నిలబెట్టగలిగేది అదే.

శిక్షణ సంగతి మెరుగు. వట్టినాగులపల్లిలో రాష్ట్ర శిక్షణ కేంద్రం ఉంది, పై కోర్సులకు నాగ్‌పూర్ జాతీయ కళాశాల ఉంది. అయితే స్టేషన్‌కు తిరిగొచ్చాక పొగ గదిలో ఏటా మళ్లీ సాధన చేయించే ఏర్పాటు కావాలి. బీఏ సెట్ వాడకం ఈతలాంటిది కాదు, వదిలేస్తే మరిచిపోతారు.

మార్కులు వేస్తే: స్టేషన్ సిబ్బంది తెగువ, కదిలే వేగం 5కి నాలుగున్నర. ఘటనా స్థలంలో కమాండ్ మూడు. నివారణ, తనిఖీ ఒకటిన్నర. నగరానికి జవాబుదారీ అయిన ఒక చీఫ్ ఫైర్ ఆఫీసర్ లేకుండా ఈ మూడో అంకె పెరగడం కష్టం.

ఈ సేవను వాడుకునేవాళ్ల వైపు కూడా కొంత పని ఉంది. 101 గానీ 112 గానీ తిప్పినప్పుడు ముందు ల్యాండ్‌మార్క్ చెప్పాలి, తర్వాత ఎన్నో అంతస్తు, కాలుతున్నది ఏమిటి, లోపల మనుషులున్నారా, సిలిండర్లు ఉన్నాయా. “త్వరగా రండి” అని పెట్టేస్తే కంట్రోల్ రూమ్ ఏ బండి పంపాలో తేల్చుకోలేదు. ఫోన్ పెట్టాక ఒక మనిషి గల్లీ మొగన నిలబడాలి, అడ్డంగా ఉన్న కార్లు, బైకులు జరిపించాలి. కరెంటు మెయిన్ ఆపాలి, లిఫ్ట్ వాడకూడదు, మెట్ల మీది తలుపులు మూసి ఉంచాలి. తెరిస్తే పొగకు దారి ఇచ్చినట్టే.

అపార్ట్‌మెంట్ సంఘాలకైతే ముఖ్యమైన చోటు పంప్ రూమ్. జాకీ పంప్ (లైన్లో ఒత్తిడి తగ్గకుండా చూసే చిన్న పంప్), మెయిన్ పంప్, డీజిల్ పంప్ మూడింటి ప్యానెల్ స్విచ్‌లు “ఆటో”లో ఉండాలి. ఎక్కువ చోట్ల జాకీ పంప్ మాటిమాటికీ తిరుగుతోందని వాచ్‌మన్ “మాన్యువల్”లో పెడతాడు. అది తిరుగుతోందంటే లైన్లో ఎక్కడో లీకు ఉందని అర్థం, లీకు వెతకాలి, స్విచ్ మార్చకూడదు. డీజిల్ ఇంజన్ బ్యాటరీ దిగిపోయి ఉండటం, హోస్ బాక్సులోంచి బ్రాంచ్ మాయమవడం, అండర్‌గ్రౌండ్ ఫైర్ ట్యాంకు నీళ్లను ఎండాకాలంలో ఇళ్లకు వదిలేయడం, ఇవి తరచూ దొరికే లోపాలు. ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి, 1944లో బొంబాయి రేవులో జరిగిన పేలుడులో చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకంగా. ఆ వారానికి ముందే మీ ప్రాంత ఎస్‌ఎఫ్‌ఓకు మాక్ డ్రిల్ కోరుతూ ఒక దరఖాస్తు ఇవ్వండి. వచ్చిన రోజు కింద కాకుండా పై అంతస్తు హైడ్రెంట్ తెరిపించి, అక్కడ గేజ్ పెట్టి చూడమనండి. మూడున్నర కేజీలు చూపించకపోతే పంప్ రూమ్‌కు తిరిగి వెళ్లాలి.