నలభై ఏళ్ళకి లారీ దిగిన నాన్న: ‘మాంక్’ సీజన్ 5లో ఒక ఎపిసోడ్

ఆరు నెలల వీసా మీద డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. పొద్దున తొమ్మిదయ్యేసరికి కూతురు ఒక గదిలో, అల్లుడు ఇంకో గదిలో తలుపులేసుకుని మీటింగుల్లో కూర్చుంటారు. మనవరాలు స్కూలుకి పోతుంది. మిగిలేది నేనూ, మా ఆవిడా, సౌండు తగ్గించి పెట్టిన టీవీ. బయటికెళ్దామంటే నడిచి చేరే దూరంలో టీ కొట్టు కూడా లేదు. ఇలాంటప్పుడు అమ్మాయి టీవీలో పీకాక్ అనే స్ట్రీమింగ్ యాప్‌లో ‘మాంక్’ పెట్టి, కింద అక్షరాలు వచ్చేట్టు చేసి, “నాన్నా, ఇందులో రక్తం ఎక్కువ ఉండదు, అమ్మ కూడా చూస్తుంది” అని చెప్పి వెళ్ళిపోయింది. రెండు నెలల్లో ఐదో సీజన్‌కి వచ్చేశాం.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 2002 నుంచి 2009 దాకా అమెరికాలో వచ్చిన సీరియల్ ఇది. ఎనిమిది సీజన్లు, 125 ఎపిసోడ్లు, ఒక్కోటి ముప్పావుగంట లోపే. ఏడ్రియన్ మాంక్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకప్పుడు పోలీసు డిటెక్టివ్. భార్య ట్రూడీని కారు బాంబుతో చంపేశారు. అప్పట్నుంచి మనిషికి ఉన్న చాదస్తం రోగంగా ముదిరి ఉద్యోగం పోయింది. ఇప్పుడు పోలీసులు కేసు తేలనప్పుడల్లా ఈయన్ని పిలిపిస్తుంటారు. ఎవరికైనా షేక్‌హ్యాండ్ ఇస్తే వెంటనే చెయ్యి చాస్తాడు, పక్కనున్న అసిస్టెంటు తడి టిష్యూ అందిస్తుంది. మొదటి రోజు అది చూసి మా ఆవిడ, “మా అత్తగారి మడి ముందు ఈయనదెంత?” అంది. మా అమ్మ పోయి పన్నెండేళ్ళయింది. ఇంకా ఆ లెక్క తేలలేదు.

నేను రాయాలనుకున్నది ఐదో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ గురించి. 2006లో వచ్చింది. పేరులోనే కథ ఉంది: మాంక్ వాళ్ళ నాన్నని కలుస్తాడు.

ఈ నాన్న సంగతి అంతకుముందు సీజన్ల నుంచీ కొద్దికొద్దిగా చెప్తూ వచ్చారు. మాంక్‌కి ఎనిమిదేళ్ళప్పుడు, చైనీస్ భోజనం కట్టించుకొస్తానని చెప్పి గడప దాటాడు. అంతే, మళ్ళీ రాలేదు. మన దగ్గర ఇలాంటివాణ్ణి కాశీకి పోయాడంటారు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని సరిపెట్టుకుంటారు. ఈయన అలా పుణ్యానికి కూడా పోలేదు. ఇన్నేళ్ళూ లారీ తోలుకుంటూ బతికాడు. ఎపిసోడ్ మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ట్రాఫిక్ గొడవలో పోలీసులకి చిక్కి, విడిపించమని కొడుక్కి కబురు పెడతాడు. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత మొదటి పలకరింపు అది. ప్రేమ పొంగుకొచ్చి రాలేదండీ, అవసరం పడి వచ్చాడు. రాసినవాళ్ళు అక్కడ అబద్ధం ఆడలేదు. అందుకే నాకు నచ్చింది.

ఇక్కడ నా సంగతి కాస్త చెప్పుకోవాలి. 1983 నుంచి ముప్పై ఏళ్ళకి పైగా విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తాగా చేశాను. ఎల్ఆర్‌లు, అంటే సరుకు ఎక్కించినట్టు ఇచ్చే లారీ రసీదులు రాయడం, డ్రైవర్లకి బత్తా ఇచ్చి సంతకం తీసుకోవడం, లోడు ఇచ్ఛాపురం చెక్‌పోస్టు దాటిందా లేదా అని ఫోన్లు చేసుకోవడం, ఇదీ నా పని. కాబట్టి తెర మీద లారీ డ్రైవర్ కనిపిస్తే నేను ఊరికే చూడలేను. పోలీస్ స్టేషన్ సీన్ అవుతుండగానే, “ఈయనకి ఇంకో ఇల్లు ఉంటుంది చూడు” అన్నాను. “మీకన్నీ అవే ఆలోచనలు” అని మా ఆవిడ కసిరింది. నా లెక్క తప్పలేదు. ఏడో సీజన్‌లో ఆ రెండో ఇంటి కొడుకు మీద ఏకంగా ఒక ఎపిసోడే ఉంది. జైలు నుంచి తప్పించుకుని తిన్నగా అన్నగారి దగ్గరికే వస్తాడు. స్టీవ్ జాన్ వేశాడు ఆ వేషం.

కథకొస్తే, నాన్న కొడుకుని తన లారీలో రమ్మంటాడు. నాలుగు రోజులు కలిసి తిరుగుదాం, పోయిన కాలం కొంతైనా పూడ్చుకుందాం అన్న ధోరణి. మాంక్ లారీ క్యాబిన్ ఎక్కడమే సగం కామెడీ. మన డ్రైవర్ల క్యాబిన్ చూసినవాళ్ళకి ఇంకా ఎక్కువ నవ్వొస్తుంది. అమెరికా లారీ మన లారీ కాదు. క్లీనర్ ఉండడు, వెనకాల పడుకోవడానికి మంచం ఉంటుంది, అద్దం దగ్గర నిమ్మకాయలుండవు. మా అల్లుడు చెప్పినదాని ప్రకారం ఇక్కడ డ్రైవర్ 11 గంటలు నడిపాక 10 గంటలు బండి పక్కన పెట్టి తీరాలి. ఆ మాట వినగానే మా ఆఫీసులో కటక్ లోడుకి “రేపు సాయంత్రానికి దింపాలి” అని ఓనరు అరవడం గుర్తొచ్చి కాసేపు నాకు ఎపిసోడ్ ఎక్కలేదు. వెనక్కి తిప్పి చూశాం.

నాన్న జాక్ మాంక్‌గా వేసినాయన డ్యాన్ హెడాయా. బొద్దు కనుబొమలు, దబాయించే గొంతు. పశ్చాత్తాపం అనే ముక్క ఆయన మొహంలో ఎక్కడా కనిపించదు. మన సినిమాల్లో అయితే తిరిగొచ్చిన తండ్రి గుమ్మంలోనే కూలబడి కొడుకు కాళ్ళు పట్టుకోబోతాడు, కొడుకు “నాన్నా” అని లేపుతాడు, వెనక వయొలిన్. ఈయన జోకులేస్తాడు, మాట దాటేస్తాడు, కొడుకు అడగాల్సిన అసలు ప్రశ్నకి దరిదాపుల్లోకి వచ్చినప్పుడల్లా పక్కకి తప్పుకుంటాడు. నేను చూసిన డ్రైవర్లు అచ్చం ఇలాగే ఉండేవాళ్ళు. పదిరోజులకి ఇంటికొస్తే పిల్లల చేతిలో జీడిపప్పు పొట్లం పెట్టి నవ్వించి, మూడోరోజు బండెక్కేసేవాళ్ళు. మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అంటే ఏం చెప్తాం? రోడ్డు మీద ఉన్నంతసేపూ బాగుండేవాళ్ళు.

మాంక్‌గా టోనీ షలూబ్ చేసింది నాకు రెండోసారి చూసినప్పుడు గాని సరిగ్గా తెలియలేదు. ఈ పాత్రకి ఆయనకి అమెరికా టీవీ వాళ్ళ పెద్ద అవార్డు ఎమ్మీ మూడుసార్లు వచ్చిందట, వింత లేదు. ఎనిమిదేళ్ళ పిల్లాడు ఆ యాభై ఏళ్ళ మొహంలోకి ఎప్పుడొస్తాడో, ఎప్పుడు పోతాడో పట్టుకోవాలంటే కళ్ళు టీవీకి అంటించుకుని చూడాలి. నాన్న మెచ్చుకున్నప్పుడు భుజాలు ఒక్క అంగుళం లేస్తాయి. అంతే. ఇంకో సంగతి, షలూబ్ తండ్రి లెబనాన్ నుంచి వచ్చినాయన, హెడాయా వాళ్ళది సిరియా నుంచి వచ్చిన యూదు కుటుంబం. అందుకేనేమో ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెడితే తండ్రీకొడుకులంటే నమ్మబుద్ధవుతుంది. మన సీరియళ్ళలో ముప్పై ఏళ్ళ అమ్మకి ఇరవై ఎనిమిదేళ్ళ కొడుకుని చూసిన కళ్ళకి ఇది పండగ.

హత్య కేసు మాత్రం పలుచన. తండ్రి పనిచేసే చోటు చుట్టూనే తిరుగుతుంది కాబట్టి కథకి అతుక్కున్నట్టే కనిపిస్తుంది గాని, మా ఆవిడ టీ పెట్టి తెచ్చేలోపు నేను మనిషిని పట్టేశాను. ఎవరో చెప్పను, చూడబోయేవాళ్ళ సరదా ఎందుకు పాడుచెయ్యాలి. చివర్లో మాంక్ “జరిగింది ఇదీ” అని మొదలుపెట్టి నలుపు తెలుపులో విప్పి చెప్పే పద్ధతి ఎప్పటిలాగే ఉంది. ఆ సీరియల్‌లో కేసు కోసం చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఇది కేసు కోసం కాదు. మాంక్‌ని పిలిపించే పోలీసు కెప్టెన్ స్టాటిల్‌మయర్‌కీ, అసిస్టెంటు నటలీకీ కూడా ఇందులో పెద్ద పనిలేదు.

నా అసలు ఫిర్యాదు వేరు. మాంక్‌కి ఒక అన్న ఉన్నాడు, అంబ్రోస్. రెండో సీజన్‌లో మూడు ‘పై’ల (లోపల పండ్లు పెట్టి కాల్చే తీపి వంటకం) ఎపిసోడ్‌లో మొదటిసారి వస్తాడు. జాన్ టర్టూరో వేశాడు, ఆ ఒక్క ఎపిసోడ్‌కే ఎమ్మీ వచ్చింది. అంబ్రోస్‌కి ఇల్లు దాటి బయటికి రావాలంటే ప్రాణభయం. ముప్పై రెండేళ్ళు గడప దాటలేదు. వస్తువులు ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు ఇంట్లోనే కూర్చుని రాసుకుంటూ బతుకుతాడు. నాన్న పేరున వచ్చిన ఉత్తరాలన్నీ వరసగా దాచిపెట్టుకున్నాడు, తిరిగొచ్చాక చూసుకుంటాడని. నాలుగో సీజన్‌లో నాన్న వస్తున్నాడని ఆశపెట్టి, ఆ ముఖం మనకి చూపించకుండానే ముగించారు. సరే, దాచి ఉంచుతున్నారు అనుకున్నాం. తీరా ఐదో సీజన్‌లో నాన్న నిజంగా లారీ దిగితే, ఆ ఎపిసోడ్‌లో అంబ్రోస్ లేడు! గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నది ఒకడు, నాన్నతో లారీ ఎక్కింది ఇంకొకడు.

టర్టూరోకి డేట్లు కుదరలేదో, కథలో ఇమడలేదో. కారణం ఏదైనా చూసేవాడికి ఆ కుర్చీ ఖాళీగానే కనిపిస్తుంది. మా ఆవిడ అయితే ఎపిసోడ్ అయ్యేదాకా ప్రతి సీన్‌కీ అడుగుతూనే ఉంది, “పెద్దోడి దగ్గరికి ఎప్పుడెళ్తాడండీ?” అని.

నాకు ఇంత పట్టింపెందుకో కూడా చెప్తాను. మా ఆఫీసులో ఒక డ్రైవర్ ఉండేవాడు. నెలకి రెండు మనియార్డర్ ఫారాలు నాచేతే రాయించేవాడు. ఒకటి మచిలీపట్నం దగ్గర ఊరికి, ఇంకోటి ఒరిస్సాలో ఒక ఊరికి. మొదటిదాంట్లో డబ్బు తగ్గుతూ వచ్చింది, రెండోదాంట్లో పెరుగుతూ వచ్చింది. నేను అంకెలు వేసేవాణ్ణి, అడిగేవాణ్ణి కాదు. కొన్నాళ్ళకి మొదటి ఫారం ఆగిపోయింది. తర్వాత మనిషే ఆగిపోయాడు, అటువైపే ఏదో కంపెనీలో చేరాడని విన్నాం. మచిలీపట్నం వైపు నుంచి పన్నెండు పదమూడేళ్ళ పిల్లాడు అప్పుడప్పుడూ బస్సెక్కి ఆఫీసుకి వచ్చేవాడు. గుమ్మం బయటే చెప్పులు విప్పి నిలబడి, “మా నాన్న బండి ఎప్పుడొస్తుందండీ?” అనేవాడు. ఒరిస్సా లోడు బాబూ, నాలుగు రోజులు పడుతుంది అని చెప్పేవాణ్ణి. ప్రతిసారీ నాలుగు రోజులే. టీ ఇప్పించి బస్సు చార్జీ చేతిలో పెట్టి పంపేవాణ్ణి. నిజం చెప్పే పని నాది కాదనుకున్నాను. వాడికి పదహారొచ్చాక రావడం మానేశాడు.

మళ్ళీ ఎపిసోడ్‌కి వద్దాం. చివరి సీన్ చెప్పేస్తున్నాను, వద్దనుకున్నవాళ్ళు ఈ పేరా వదిలేయండి. హత్య తేలిపోతుంది, నాన్న వెళ్ళే టైమవుతుంది. వెళ్ళేముందు కొడుక్కి సైకిల్ తొక్కడం నేర్పిస్తాడు. చిన్నప్పుడు జరగాల్సింది ఇప్పుడు, పట్టపగలు రోడ్డు మీద, సూటు గుండీలు పెట్టుకున్న నడివయసు మనిషి సైకిల్ మీద, ముసలి తండ్రి వెనక పట్టుకుని. నవ్వాలో ఏడవాలో తెలియనివ్వకుండా తీశారు. ఆయన మీద ఎపిసోడ్ అంతా కోపంగా ఉన్న నేను ఆ నిమిషంలో మెత్తబడ్డాను. మెత్తబడ్డందుకు నామీద నాకే కోపం వచ్చింది. ఒక్క సైకిల్‌తో తీరిపోయే బాకీనా అది?

చూడాలనుకునేవాళ్ళకి నా మాట: నేరుగా ఇది పెట్టకండి. ముందు రెండో సీజన్‌లో మూడు పైలది, తర్వాత నాలుగో సీజన్‌లో హాలోవీన్ రోజున మాంక్ పుట్టింటికెళ్ళేది, ఆ తర్వాత ఇది. అప్పుడే ఈ నాన్న ఎంత బరువు దింపకుండా వచ్చాడో తెలుస్తుంది. పిల్లలతో కూర్చుని చూడొచ్చు, ఇబ్బంది పెట్టే సీన్లు లేవు. ఇంగ్లీషు అంత వేగంగా అందకపోతే కింద అక్షరాలు పెట్టుకోండి, నాన్న గొణుగుడు మాటలు మాకూ వాటివల్లే అర్థమయ్యాయి. మార్కులు వెయ్యమంటే నాన్నకి ఐదుకి ఐదు, కొడుక్కి ఐదుకి ఐదు, హత్యకి రెండు.

ఎపిసోడ్ అయ్యాక మామూలుగా అయితే తర్వాతిది దానంతటదే మొదలైపోతుంది. మా ఆవిడ రిమోట్ తీసుకుని ఆపేసింది. “అది కాదు. ఆ పెద్దోడిది పెట్టండి” అంది. మళ్ళీ రెండో సీజన్‌కి వెళ్ళాం.