ఎక్కాల మీదుగా తిరిగి వచ్చిన మాట: ఒక పునరావాస కేంద్రంలో 7 నెలలు

పక్షవాతం వచ్చిన మూడో వారంలో నన్ను గుంటూరులోని ఒక పునరావాస కేంద్రంలో చేర్పించారు. కుడి కాలూ చెయ్యీ పడిపోవడమే కాక, మెదడు ఎడమ భాగంలో మాటను నడిపే చోట రక్తప్రసారం ఆగినందువల్ల, 30 ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన నేను మంచినీళ్ళు కావాలని అడగలేకపోయాను. ఎదుటివారి మాటలు అర్థమవుతూనే ఉండేవి కనుక, పరామర్శకు వచ్చినవారు నా ముందే నా సంగతులు మా ఆవిడను అడగడం అన్నిటికంటే ఎక్కువ బాధించేది.

ఈ కేంద్రంలో మెచ్చుకోదగినది స్పీచ్ థెరపీ. మొదట చూపించిన బొమ్మల కార్డులు మాత్రం ఇంగ్లీషు చదువు పిల్లల కోసం వేసినవి. ఇగ్లూ బొమ్మ చూపించి పేరు చెప్పమంటే జబ్బు పడకముందైనా తడుముకునేవాణ్ణే. తరువాత ఆ థెరపిస్టు అమ్మాయి నా వృత్తి కనుక్కుని పదమూడో ఎక్కం ఎత్తుకుంది. ఆమె ‘పదమూడు ఒకట్ల’ అనగానే మిగిలినదంతా తడబాటు లేకుండా నా నోట వచ్చేసింది. మధ్యలో ఆపి ‘పదమూడేళ్ళు ఎంత, మాస్టారూ?’ అని అడిగితే మాత్రం, మళ్ళీ మొదటినుంచి చదువుకుంటూ వస్తే తప్ప తొంభై ఒకటి చిక్కేది కాదు. కూర్చుకుని చెప్పవలసిన మాట పోయినా, కంఠస్థమైన ఎక్కాలూ పద్యాలూ పాటలూ నిలిచి ఉండడం ఈ జబ్బులో తరచూ కనిపించేదేనని ఆమె వివరించింది. అక్కడ నన్ను ‘మాస్టారూ’ అని పిలిచిన మొదటి మనిషి ఆమే.

ఫిజియోథెరపీలో బంతి పిసికించడం విసుగు పుట్టించింది. సైగ చేసి సుద్దముక్క అడిగితే గోడకు నల్లబల్ల తగిలించారు. మొదటి రోజు గీసిన నిలువు గీత భుజానికి సత్తువ చాలక సగంలోనే జారిపోయింది. నాలుగో నెలలో ఒక భిన్నం రాసి, దాని అడ్డగీతను వంకర లేకుండా లాగగలిగాను.

లోపాలు లేకపోలేదు. కాళ్ళు పడిపోయినవారు వచ్చే ఈ మొదటి అంతస్తు కేంద్రంలో లిఫ్టు వారంలో రెండు రోజులు పనిచేయదు. 45 నిమిషాలకు 700 రూపాయల రుసుము పింఛనుదారులకు భారమే. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడోవంతు మంది మానసికంగా కుంగిపోతారని వైద్యులే చెబుతున్నా, ఆ సంగతి నన్ను అడిగిన వారు లేరు.

ఏడో నెలలో పింఛను కోసం వెళితే, పాత సంతకం కుదరనందున వేలిముద్ర వేయమని బ్యాంకువారు మర్యాదగానే చెప్పారు. నేను ఒప్పుకోక కొత్త సంతకం నమోదు చేయించుకున్నాను. అందులో అక్షరాలు విడివిడిగా ఉన్నాయి, ఇంటిపేరుకు చోటు చాలలేదు.