రెండున్నరేళ్లుగా బొమ్మలతో జర్మన్: నా నోటుపుస్తకాలు ఎంతవరకు పనికొచ్చాయి

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ. ఒడిశాలోని పర్లాకిమిడిలో పుట్టినవాళ్లకు మూడు భాషలు అడగకుండానే వచ్చేస్తాయి. నాలుగోదీ అలాగే వస్తుందనుకుని జర్మన్ మొదలుపెట్టాను. నేను నర్సును. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి భాష కావాలి (ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో ఇది నాలుగోది). నాలుగు నెలలు పదాల జాబితాలు బట్టీ పట్టాను. రాత్రి చదివింది పొద్దున డ్యూటీకి వెళ్లేసరికి గుర్తుండేది కాదు. అప్పుడు రూళ్లు లేని డ్రాయింగు పుస్తకం కొని బొమ్మలతో రాసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు నడుస్తున్నది ఆరో పుస్తకం.

ఎక్కువ మేలు జరిగింది లింగాల దగ్గర. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ మూడు లింగాల్లో ఒకటి ఉంటుంది. భోజనాల బల్ల మీదే చూడండి: చెంచా, డేర్ లోఫెల్, పుంలింగం. ఫోర్కు, డీ గాబెల్, స్త్రీలింగం. కత్తి, డస్ మెస్సర్, నపుంసకం. ఒడియా క్రియకు లింగంతో పనే లేదు. తెలుగులో ఆమె వచ్చినా బండి వచ్చినా 'వచ్చింది' అనే అంటాం. నాకున్న భాషలేవీ ఇక్కడ దారి చూపలేదు. మొదట నీలం, ఎరుపు, ఆకుపచ్చ స్కెచ్ పెన్నులు వాడాను. నెల తిరిగేసరికి ఏ మాట ఏ రంగో కలిసిపోయింది. ఆ తరువాత మా ఊరి పటం గీశాను. పుంలింగాలన్నీ రైల్వే స్టేషన్లో, స్త్రీలింగాలు మహేంద్రతనయ ఏటి ఒడ్డున, నపుంసకాలు రాజావారి కోటలో. చెంచా టికెట్ల కిటికీకి వేలాడుతోంది, ఫోర్కు ఏటి ఇసుకలో దిగబడి ఉంది, కత్తి కోట గుమ్మానికి గుచ్చుకుని ఉంది. అమ్మాయి అనే అర్థమున్న మేడ్‌షెన్ కూడా నపుంసకమే, 'షెన్' ప్రత్యయం చేరిన మాటలన్నీ అంతే. ఆ పిల్లను కోట మేడ మీద నిలబెట్టాక ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

వాక్యనిర్మాణానికి గుణుపురం ప్యాసింజరు రైలు గీశాను. ఒక సంగతి చెప్పే మామూలు వాక్యంలో క్రియ రెండో పెట్టెలో ఉంటుంది. 'ఇష్ హాబె గెస్టెర్న్ రైస్ గెగెస్సెన్', నిన్న అన్నం తిన్నాను: హాబె రెండో పెట్టె, గెగెస్సెన్ చివరనున్న గార్డు పెట్టె. 'వైల్' అని కారణం చెప్పే ఉపవాక్యంలో మాత్రం క్రియ మొత్తం గార్డు పెట్టెకే పోతుంది. అచ్చం మన తెలుగు వాక్యం లాగే! ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

బల్ల మీద పెట్టడానికి, బల్ల మీద ఉండడానికి మనకు ఒకే 'మీద' చాలు. జర్మన్‌లో కదలిక ఉంటే 'అవుఫ్ డేన్ టిష్', స్థిరంగా ఉంటే 'అవుఫ్ డేమ్ టిష్'. బాణం గుర్తుకు డేన్, చుక్కకు డేమ్. ఇలా తరువాతి మాటను రెండు విధాలా మార్చే 'మీద', 'కింద' లాంటి తొమ్మిది మాటలూ ఒకే పేజీలో ఇమిడిపోయాయి.

పనికిరాని చోట్లూ ఉన్నాయి. 'అయినా', 'అయినప్పటికీ' వంటి మాటలకు బొమ్మ కుదరదు. వాటి కోసం గంటలు పోగొట్టుకున్నాను. అన్నిటికన్నా అందంగా వచ్చిన పేజీలే తక్కువ గుర్తున్నాయి, ఎందుకంటే మనసు రంగుల మీదికి పోయింది. ఇంకొకరు గీసినవి చూసి దించుకున్నవి అసలు నిలవలేదు.

వినికిడి సంగతి మరీ ముఖ్యం. ఏ1 పరీక్షలో నూటికి అరవై వస్తే చాలు, నాకు అంతకన్నా ఎక్కువే వచ్చాయి, కానీ విని రాసే భాగంలో బాగా తక్కువ. పుస్తకంలో బొమ్మకు గొంతు ఉండదు కదా. మా ఊళ్లో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర భాషను సవరల నోటి నుంచి విని నేర్చుకున్నారు. ఆ సంగతి చిన్నప్పటి నుంచీ వింటూ కూడా నేను రెండేళ్లు చెవిని పక్కన పెట్టాను. ఇప్పుడు రోజూ అరగంట జర్మన్ రేడియో విన్నాకే పెన్సిలు పడుతున్నాను.

మొదలుపెట్టేవాళ్లు ఖరీదైన పెన్నులు కొనకండి, మూడు రంగులు చాలు. ఆరో పుస్తకంలో ప్రతి ఆకుకూ వెనక వైపు ఖాళీగా వదులుతున్నాను. వారం తరువాత ముందు పేజీ చూడకుండా అదే బొమ్మ మళ్లీ గీస్తాను. ఎక్కడ చెయ్యి ఆగిపోతుందో అక్కడ ఎర్ర చుక్క పెడతాను. మరునాటి చదువు ఆ చుక్కల దగ్గరే మొదలవుతుంది.